గిద్యోను సారు రెండో చీటీ

బిట్రగుంటలో టెన్నిస్ కోర్టు ఉందంటే పక్క మండలం వాళ్లు కూడా నమ్మరు. రైల్వే కాలనీలో, దొరల కాలం నాటి క్లబ్బు వెనక ఉంది. నాకు ఊహ తెలిసేనాటికి అందులో బర్రెలు పడుకునేవి. ఆ బర్రెలను తోలి, ముళ్లకంప కొట్టించి, రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి పోయించి, సముద్రం ఒడ్డు జాలర్ల పాళెం నుంచి పాత చేపలవల తెచ్చి నెట్టుగా కట్టి, పిల్లలకు ఆట నేర్పినవాడు గిద్యోను సారు. ఆయన హైస్కూల్లో పీఈటీ. సొంతంగా ఏ పోటీలోనూ గెలిచింది లేదు. చిన్నప్పుడు ఒక రైల్వే గార్డు ఆడుతుంటే బంతులు ఏరి, కూలికి బదులు ఆట నేర్పించుకున్నాడట. మెడలో విజిల్ ఎప్పుడూ ఉండేది, ఆదివారం చర్చికి కూడా దాంతోనే పోయేవాడు. ఒకసారి పాస్టరుగారి ప్రసంగం గంట దాటేసరికి సారు చెయ్యి విజిల్ మీదికి పోయిందని ఆయన భార్య రెబెక్కమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

నా పేరు హజరత్తయ్య. స్టేషన్ రోడ్డులో నెట్ సెంటర్ నాది. జిరాక్సులు, అడంగల్ కాపీలు, హాల్ టికెట్లు, రైలు రిజర్వేషన్లు, ఏదైనా చేసిపెడతాను. నేనూ బడిలో ఆ సారు చేతి బెత్తం దెబ్బలు తిన్నవాణ్ణే. ఆయన గురించి రాయమని రిటైర్మెంటు సభ వాళ్లు అడిగితే, మంచి మాటలు నాలుగు రాసి ఇచ్చేశాను. అవన్నీ నిజమే. కానీ అందులో రాయని సంగతి ఒకటి ఉంది. దాంట్లో నాకూ వాటా ఉంది కాబట్టి, ఆయన్ను ఒక్కణ్ణే దోషిగా నిలబెట్టకుండా ఇక్కడ చెబుతాను.

సారు దగ్గర రాకెట్ పట్టిన పిల్లలు ఓ వంద మంది ఉంటారు. నిలిచినవాళ్లు ఇద్దరే. ఒకతె ఆయన కూతురు అబిగయీలు. మేమంతా అబి అనేవాళ్లం. రెండో పిల్ల ధనలక్ష్మి, జువ్వలదిన్నె పక్క పాళెం నుంచి వచ్చేది. వాళ్లమ్మ మాలకొండమ్మ గంపలో చేపలు తెచ్చి కాలనీలో అమ్మేది. ఒకరోజు తల్లి వెంట వచ్చిన పదేళ్ల ధనం, కోర్టు దాటి బయటికొచ్చిన బంతిని ఎడమచేత్తో గాలిలోనే పట్టి, కుడిచేతిలో చేపను వదలకుండా, తిరిగి లోపలికి విసిరిందట. సారు ఈ కథ చెప్పిన ప్రతిసారీ చేప మారేది. ఒకసారి మాగ అనేవాడు, ఇంకోసారి వంజరం అనేవాడు. ఎడమచెయ్యి మాత్రం మారేది కాదు.

అబి వెనక నుంచి ఆడే పిల్ల. ఓపిక ఎక్కువ, ధైర్యం తక్కువ. కొత్త ఊళ్లో ఒంటరిగా నిద్రపోలేదు. ధనం నెట్ దగ్గరి మనిషి. బంతి తన దగ్గరికి వచ్చేదాకా ఆగే రకం కాదు. ఒకరితో ఒకరు ఆడితే అబిదే పైచేయి. జంటగా ఆడితే ఎదుటివాళ్లకు చుక్కలు కనిపించేవి. పద్దెనిమిదేళ్లు నిండీ నిండకుండానే ఇద్దరూ డబ్బు బహుమతులుండే పోటీల్లోకి దిగి, ప్రపంచ ర్యాంకుల పట్టికలో ఎక్కడో అడుగున తమ పేర్లు చూసుకున్నారు. ఆ పట్టిక మొదటిసారి ప్రింటు తీసింది నేనే. పాళెం వాళ్లు దాన్ని గంగమ్మ గుడి గోడకు అంటించారు.

టీవీలో చూసేవాళ్లకు టెన్నిస్ అంటే ఏడాదికి నాలుగు పెద్ద పోటీలు. అడుగున ఉన్నవాళ్ల బతుకు వేరు. ప్రతి వారం ప్రపంచంలో ఎన్నో చోట్ల చిన్నాచితకా పోటీలు ఒకేసారి మొదలవుతాయి. శ్రావణమాసంలో ఒకే ముహూర్తానికి ఐదు శుభలేఖలు వచ్చినట్టు ఉంటుంది. పెళ్లిళ్లకైతే ఒకదానికి తాను పోయి, ఒకదానికి భార్యను పంపి, మిగతావాటికి చదివింపులు పంపి బయటపడవచ్చు. ఆడేవాళ్లకు ఆ వీలు లేదు. వాళ్లకు వారం ఒక్కటే, ఒళ్లు ఒక్కటే.

అందుకని పేర్లు ముందే ఇవ్వాలి. ఒకే వారానికి మూడు నాలుగు పోటీలకు పేరు ఇచ్చుకోవచ్చు గానీ, ఏది ముందు, ఏది తర్వాత అని వరుస రాయాలి. వద్దనుకున్నవాటి నుంచి గడువు లోపల పేరు తీసేయాలి. గడువు దాటితే, వరుసలో పైన చోటు దొరికిన పోటీకే కట్టుబడాలి. గురువారం పేర్లు ఇవ్వడం, తర్వాత మంగళవారం తీసేయడం. రెండిటికీ గడువు మన టైము ప్రకారం సాయంత్రం ఏడున్నర. ఆ రోజుల్లో బడి వదలగానే సారు నా అంగట్లో ఉండేవాడు.

మొదట్లో నాకు నవ్వొచ్చేది. పెళ్లిసంబంధానికి కూడా అంత ఆరా తీయరు. నేల మట్టిదా, సిమెంటుదా? ఎవరెవరు పేర్లు ఇచ్చారు, వాళ్ల ర్యాంకులేంటి? అసలు పోటీలో నేరుగా చోటుందా, ముందు అర్హత మ్యాచ్‌లు ఆడాలా? గది వాళ్లే ఇస్తారా? తర్వాతి వారం పోటీకి అక్కడి నుంచి రైలు ఉందా? వీటన్నిటి కన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉండేది. గెలిచిన పాయింట్లు ఏడాదే నిలుస్తాయి. పోయినేడు ఈ వారం గెలిచినవి ఈ ఏడు ఇదే వారం రాలిపోతాయి. ఉన్నచోట ఉండాలన్నా మళ్లీ గెలవాల్సిందే.

"ఇది ఆట గాదు హజరత్తూ, ఇసకలో బావి తవ్వడం. తోడేకొద్దీ పూడతా ఉంటాది," అనేవాడు సారు.

ఎటూ తేల్చుకోలేనప్పుడు రెబెక్కమ్మ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. చీట్లు వేస్తారు. వాళ్ల నాయన కాలం నుంచి వస్తోందట. ఏ పొలం కౌలుకు పట్టాలన్నా, పిల్లను ఏ బడిలో చేర్చాలన్నా అంతే. ఎన్ని దారులుంటే అన్ని చీట్లు రాసి, మడిచి, స్టీలు పళ్లెంలో వేసి, మోకాళ్ల మీద ప్రార్థన చేస్తారు. ఒకరు చీటీ తీస్తారు. చేతికి వచ్చింది దేవుడి మాట. పళ్లెంలో మిగిలినదాన్ని ఎవరూ విప్పకూడదు. విప్పితే దేవుణ్ణి అనుమానించినట్టు. మడత మడతగానే పొయ్యిలో వేయాలి.

టోర్నమెంట్ల చీటీ తీసేది ఎప్పుడూ ధనమే. ఆ ఇంటి పిల్ల కాదు, వాళ్ల చర్చి పిల్లా కాదు, కాబట్టి ఆ చేతికి పక్షపాతం ఉండదని రెబెక్కమ్మ వాదన. మిగిలిన చీటీని పొయ్యిలో వేసే పని కూడా ఆమెకే అప్పజెప్పారు. రాసేది మాత్రం సారు. కంప్యూటర్లో జాబితాలన్నీ చూశాక నా కౌంటర్ మీదే రాసేవాడు, చెడిపోయిన ప్రింట్ల నుంచి నేను కత్తిరించి ఇచ్చిన ముక్కల మీద.

"మీ దేవుడికి టెన్నిస్ గూడా తెలుసునా సార్?" అని ఒకసారి ఎగతాళి చేశాను.

"తెలవకపోయినా ఏం గాదులే. తేలిపోయినాక మా ఇంట్లో అందరికీ నిద్ర పడతాది గదా," అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది. నిజానికి వాళ్లు చీట్లు వేసేది రెండు దారులూ సమానంగా తూగినప్పుడే. ఏది మంచిదో తెలిసినప్పుడు చీట్ల జోలికి పోయేవాళ్లు కాదు. ఒక్కసారి తప్ప.

అది కరోనాకు ముందు ఏడాది. బెంగళూరులో ఒక శిక్షణ కేంద్రం వాళ్లు, ఏడాది చివర డబుల్స్ ర్యాంకు ఐదు వందల లోపు ఉన్న అమ్మాయిలు నలుగురిని తీసుకుంటామని ప్రకటించారు. రెండేళ్లు తిండి, పడక, శిక్షణ, ప్రయాణాలు అన్నీ వాళ్లవే. చేపలమ్ముకునే ఇంటి పిల్లకు అలాంటిది మళ్లీ మళ్లీ తలుపు తట్టదు. ధనం అప్పుడు నాలుగు వందల ఎనభైల్లో ఉంది. కానీ పోయినేడు నవంబరులో అబితో కలిసి గెలిచిన కప్పు పాయింట్లు రాలిపోయే వారం దగ్గరపడింది. అవి పోతే ఆరు వందలకు జారిపోతుంది. ఇక అబి సంగతి. మోకాలి నొప్పితో నాలుగు నెలలు ఆట మానేసి అప్పుడే తిరిగి వస్తోంది. డబుల్స్‌లో ఆమె ఎప్పుడో వెనకబడింది. ఆ నాలుగు నెలలూ ధనం వేరే అమ్మాయిలతో జంట కట్టి ఆడుకుంటూ వచ్చింది.

సరిగ్గా ఆ వారమే రెండు పోటీలు పడ్డాయి. ఒకటి థాయిలాండ్‌లో, కాస్త పెద్దది. ఇంకోటి షోలాపూర్‌లో, చిన్నది. హైదరాబాద్ అమ్మాయి రెజీనా తనతో థాయిలాండ్‌లో ఆడమని ధనాన్ని అడిగింది. రెజీనా ర్యాంకు మంచిది. వాళ్ల నాయన తోడు వస్తాడు, ప్రయాణం సంగతంతా వాళ్లే చూసుకుంటామన్నారు. అక్కడ ఒకటి రెండు మ్యాచ్‌లు గెలిస్తే ధనం బెంగళూరు చేరినట్టే. అబికి థాయిలాండ్‌లో చోటు లేదు. షోలాపూర్‌లో అయితే సింగిల్స్‌లో నేరుగా చోటు ఉంది.

ఇందులో తేల్చుకోవడానికి ఏముంది? ఒకరు అటు, ఒకరు ఇటు. చిన్నపిల్లవాడైనా చెబుతాడు. కానీ ధనం లేకుండా షోలాపూర్ పోనని అబి మొండికేసింది. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మోకాలు మళ్లీ నొప్పి పుడుతుందేమో, నాయన తోడు వచ్చినా ధనం పక్కన లేకుండా ఎట్లా అని ఏడ్చింది. సారు ఇద్దరికీ నచ్చజెప్పబోయాడు గానీ, ఆయన భయం ఆయనకూ ఉంది. అది నాకు ఒక్కడికే చెప్పాడు.

"ధనం ఈసారి ఆ పిల్లతో గెలిచిందంటే ఇంక మాకు తిరిగి రాదు హజరత్తూ. జంట ఒకసారి విడిపోయినాక మళ్లీ అతకదు. నా బిడ్డ ఒక్కతే ఆడలేదు. ఆట మానేస్తాది."

"అట్టని ధనాన్ని ఆపుతారా సార్?" అన్నాను.

సోమవారం సాయంత్రం రెబెక్కమ్మే అందట, ఈ గుంజులాట ఎందుకు, చీట్లు వేస్తే సరిపోతుంది కదా అని. ఆమె మంచి మనసుతోనే అంది. ధనం సరేనంది. తన రెండేళ్ల బతుకును ఆ పళ్లెంలో పెట్టడానికి ఒప్పుకుంది.

మంగళవారం ఐదున్నరకు సారు వచ్చాడు. ఆ పూట చెడిపోయింది ఎవరిదో అడంగల్ కాపీ. దాన్ని రెండు ముక్కలు కత్తిరించి ఇచ్చాను. టీ గ్లాసు ఆయన పక్కన పెట్టబోతూ చూశాను. మొదటి చీటీ మీద షోలాపూర్ అని ఉంది. రెండోదాని మీద కూడా షోలాపూర్ అనే రాస్తున్నాడు.

పరధ్యానంలో రాస్తున్నాడేమో అనుకున్నాను. "సార్," అన్నాను.

ఆయన తలెత్తాడు. ముప్పై ఏళ్లుగా ఎరిగిన ముఖం అది. అందులో బెదురు అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. చీట్లు రెండూ మడిచి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"టీ చల్లారిపోయింది," అన్నాడు. అప్పుడే పొయ్యి మీద నుంచి దిగిన టీ అది. తాగకుండానే లేచి పోయాడు.

నేను వెంటపడి ఆపి ఉండవలసింది. కనీసం ధనానికి ఒక ఫోన్ చేయవలసింది. ఊళ్లో రేషన్ డీలర్ తూకంలో తేడా చేస్తే రోడ్డు మీద నిలబెట్టి కడిగేసే నోరు నాది. ఆ రోజు ఆ నోరు పెగల్లేదు. వాళ్ల దేవుడు, వాళ్ల చీటీ, మధ్యలో నేనెవరు అని సర్దుకున్నాను. నిజం అది కాదు. నాకు చదువు చెప్పిన మనిషిని దొంగగా పట్టుకోవడానికి సిగ్గేసింది. ఆయన సిగ్గు కాపాడటానికి ఆ పిల్ల సొమ్ము ఖర్చు పెట్టాను.

ఏడు దాటాక సారు, ధనం వచ్చారు. అబి ఇంట్లోనే ఉండిపోయింది. సారు లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ధనం నా పక్కన స్టూలు మీద కూర్చుంది. పొగ తగిలిన కళ్లలా ఎర్రగా ఉన్నాయి ఆమె కళ్లు. పొయ్యి దగ్గర నుంచి వచ్చింది కదా అనుకున్నాను.

"షోలాపూర్ వచ్చిందన్నా. థాయిలాండ్ నుంచి నా పేరు తీసేయ్," అంది.

పోటీల సైటులో ఆమె పేరుతో లోపలికి పోయి, థాయిలాండ్ పోటీ దగ్గర ఆగాను. పేరు తీసేయాలా అని కంప్యూటర్ అడిగింది.

"ఖాయమేనా ధనం?" అన్నాను.

"ఖాయమే."

మౌస్ మీద నా వేలు కదల్లేదు. కంప్యూటర్ మూలన టైము చూశాను. ఏడు గంటల పద్దెనిమిది నిమిషాలు.

"ఖాయమేనా?" అని మళ్లీ అడిగాను.

ఆమె గుమ్మం వైపు ఒకసారి చూసింది. సారు వీధిలోకి చూస్తున్నాడు. "నొక్కన్నా," అంది. నొక్కాను.

షోలాపూర్‌లో అబి సింగిల్స్‌లో రెండు మ్యాచ్‌లు గెలిచింది. జంటగా మాత్రం మొదటి మ్యాచ్‌లోనే ఇద్దరూ ఓడిపోయారు. అబి మోకాలు సహకరించక బంతులు వదిలేస్తుంటే ధనం కోర్టంతా తానే పరిగెత్తిందట. ఆ శనివారం నా అంగట్లో కూర్చుని థాయిలాండ్ స్కోర్లు చూశాను. రెజీనా ఎవరో థాయి అమ్మాయిని జంట కట్టుకుని ఫైనల్ చేరింది. కంప్యూటర్ ఆపేసి, కరెంటు లేదని చెప్పి, ఆ రోజుకు అంగడి మూసేశాను.

సారు షోలాపూర్ నుంచి నాకో దుప్పటి తెచ్చిచ్చాడు. ఎందుకు తెచ్చాడో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అది ఇప్పటికీ బీరువాలో మడత విప్పకుండా ఉంది.

ధనం ర్యాంకు ఆరు వందలు దాటింది. బెంగళూరు జాబితాలో ఆమె పేరు లేదు. మరుసటి ఏడాది జాబితాకైనా ఎలాగో ఎక్కుదామనుకుంటే, రెండు మూడు నెలలకే కరోనా వచ్చి ప్రపంచమంతా పోటీలు ఆగిపోయాయి. ఆగినప్పుడు లోపల ఉన్నవాళ్లు లోపల, బయట ఉన్నవాళ్లు బయట. లాక్‌డౌన్ సడలించాక మాలకొండమ్మకు ఒంట్లో బాగుండక గంప దించేసింది. ధనం తడ దగ్గర పారిశ్రామికవాడలో బూట్ల కంపెనీలో చేరింది. అబి కూడా ఎంతో కాలం ఆడలేదు. డిగ్రీ ముగించి, ఇప్పుడు ఒంగోలులో బ్యాంకులో పని చేస్తోంది. ఎవరి కోసం ఆ చీటీ రాశాడో ఆ బిడ్డే రెండేళ్లు తిరక్కుండా రాకెట్ అటక మీద పెట్టింది. సారును ఏమనాలో నాకు తెలియలేదు. జాలిపడాలో, కోప్పడాలో కూడా తెలియలేదు.

ఆయన మాత్రం మారిపోయాడు. ఆ ఇంట్లో మళ్లీ చీట్లు వేయలేదు. రెబెక్కమ్మ అడిగితే మోకాళ్లు వంగడం లేదని చెప్పేవాడట. కోర్టులో పిల్లలకు ఆట నేర్పుతూనే ఉన్నాడు గానీ, ఒక్కరోజు కూడా డబుల్స్ ఆడించలేదు. మెడలో విజిల్ కనపడటం మానేసింది. ఎవరైనా మంచి శిష్యుల పేర్లు అడిగితే మొదట ధనలక్ష్మి పేరు చెప్పి, ఆ తర్వాతే కూతురి పేరు చెప్పేవాడు.

రిటైర్మెంటు సభకు పది రోజుల ముందు నా అంగడికి వచ్చాడు.

"సభకు ధనాన్ని పిలవాల. నేనే పోయి పిలుస్తా. నువ్వు తోడు రా," అన్నాడు.

"ఫోన్ చేస్తే వస్తాది గద సార్."

"ఫోన్లో చెప్పేది గాదు. దండేసి పొగుడుతా ఉంటే ఆ పిల్ల కింద కూర్చోని చప్పట్లు కొడతాది. నేను తట్టుకోలేను. ముందే చెప్పెయ్యాల," అన్నాడు.

పొద్దున్నే చెన్నై బండి ఎక్కి సూళ్లూరుపేటలో దిగి, బస్సులో తడ చేరాం. రెండు గంటలకు షిఫ్టు వదిలారు. ఒకే రంగు కోట్లు వేసుకున్న ఆడపిల్లలు గుంపులుగా బయటికొచ్చారు. అందులోంచి ధనం మమ్మల్ని చూసి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. లైన్ సూపర్‌వైజర్ అయిందట. మెడలో కార్డు ఉంది, ఎడమచేతి వేళ్లకు బంక అంటుకుని ఉంది. సారు కాళ్లకు దండం పెట్టబోతే ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

గేటు ఎదురుగా టీ అంగట్లో కూర్చున్నాం. ఆమె అబిని అడిగింది, రెబెక్కమ్మ మోకాళ్లను అడిగింది, కోర్టులో మట్టి మళ్లీ పోయించారా అని అడిగింది. సారు అన్నిటికీ తలాడించి, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, బల్ల వైపు చూస్తూ చెప్పాడు.

"ధనం, ఆ షోలాపూర్ చీట్లు. రెండింటి మీదా షోలాపూరనే రాసినా."

"తెలుసు సార్," అంది ధనం.

సారు తలెత్తాడు.

"మిగిలిన చీటీ పొయ్యిలో వెయ్యమని అబి వాళ్లమ్మ నా చేతికే గదా ఇచ్చింది. ఎప్పుడూ విప్పింది లేదు. ఆ పొద్దు విప్పినా."

"ఎందుకు విప్పినావు?"

"నేను చీటీ తీసేటప్పుడు మీరు ఎప్పుడూ నా చేతికల్లా చూస్తా ఉంటారు సార్. ఆ పొద్దు గోడకల్లా చూసినారు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. బంక అంటిన వేళ్లను గోటితో గీరుకుంటూ చెప్పుకుపోయింది.

"చీటీ పట్టుకునే ముందర కండ్లు మూసుకోని మా గంగమ్మను అడుక్కున్నా, థాయిలాండ్ రావాల తల్లీ అని. మీ ఇంట్లో, మీ పళ్లెం ముందర ఆమెను తల్చుకోవడం తప్పేమో అనుకుంటానే అడుక్కున్నా. రాలా. మనసులో ఆమెను తిట్టుకున్నా గూడా. పొయ్యికాడ విప్పినాక ఆమె తప్పేం లేదని తెలిసింది. పళ్లెంలో లేనిదాన్ని ఆమె మాత్రం యాడ నించి తెస్తాది."

"అప్పుడే అడిగుంటే..." అన్నాడు సారు.

"అడిగితే మీరు తల దించుకోవాల. అమ్మ ముందర, అబి ముందర. నేను చూడలేను సార్," అంది. "అయినా ఒక్క మాట. నన్ను పిల్చి, ధనం, ఈ ఒక్క వారం అబి కోసరం రామ్మా అని మీరే అడిగుంటే వచ్చేదాన్ని. ఏడ్చేదాన్నేమో గానీ వచ్చేదాన్ని. నా చేతికి రాకెట్ ఇచ్చింది మీరు. మీరు అడగలా. దేవుడు అడిగినట్టు రాసినారు."

సారు ఏడ్చాడు. పక్క బల్ల మీద వాళ్లు తిరిగి చూస్తున్నా ఆగలేదు. బెత్తం పట్టుకుని మమ్మల్ని గడగడలాడించిన మనిషి, ముక్కు తుడుచుకోవడం కూడా మరిచిపోయి ఏడ్చాడు. ధనం ఆయన చేతిలోని గ్లాసు మెల్లగా తీసి బల్ల మీద పెట్టింది.

ఆయన కాస్త తేరుకున్నాక ఆమె నా వైపు తిరిగింది.

"హజరత్తన్నా, నా పేరు తీసేసేటప్పుడు ఖాయమేనా అని రెండుసార్లు అడిగినావు. ఎప్పుడూ ఒకసారి గూడా అడిగేవాడివి గాదు. ఆ చీటీ వెనకాల అడంగల్ అచ్చు ఉండింది. నీ అంగడి కాగితం. నీకు గూడా తెలుసునా?"

అబద్ధం చెప్పవచ్చు. ఆరేళ్ల కిందటి మాట, గుర్తు లేదంటే పోతుంది. సారు ఏడుపు ముందు ఆ అబద్ధం నోటికి రాలేదు.

"తెలుసమ్మా," అన్నాను. "రాస్తా ఉంటే చూసినా."

"నువ్వన్నా చెప్తావేమోనని, నువ్వు రెండోసారి అడిగేదాకా కాచుకోని ఉన్నా అన్నా," అంది, అంతే.

సారు తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఎటో చూస్తూ అన్నాడు. "నేను గుమ్మంకాడ నిలబడి ప్రార్థన చేస్తా ఉండాను. మీ ఇద్దర్లో ఎవరన్నా ఒక్క మాట అడగాల, ఒప్పేసుకుంటా అని."

ధనం సభకు వస్తానంది. వచ్చింది కూడా. దండ వేసినప్పుడు చప్పట్లు కొట్టింది. సారు వేదిక మీద ఒక్క నిమిషం మాట్లాడి కూర్చున్నాడు.

నేను నా అంగట్లోనే ఉన్నాను. పేర్లు ఇవ్వడానికి ఇప్పుడెవరూ రారు, మంగళవారం మామూలు మంగళవారమే. కానీ సాయంత్రం కంప్యూటర్ మూలన టైము చూసినప్పుడల్లా ఆ రోజు గుర్తొస్తుంది. ధనం నా పక్కన స్టూలు మీద ఉంది. సారు గుమ్మంలో ఉన్నాడు. నా వేలు మౌస్ మీద ఉంది. అంగట్లో ఉన్న ముగ్గురికీ తెలుసు. గడువుకు ఇంకా పన్నెండు నిమిషాలు ఉంది.